మూడోసారి చెప్పని కథ

ఇలా దగ్గరికి జరుగు చినత్సూ. కుంపటిబల్ల కిందికి కాళ్ళు చాపుకుని, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కో. కమలాపండు ఒలుచుకుంటూ విను. ఏప్రిల్‌లో యూనివర్సిటీలో చేరి మన భాష, మన సంస్కృతి చదువుతానంటున్నావు కదా. మన భాషను మనం మళ్ళీ చదవడమేమిటే అని మీ తాత బతికి ఉంటే నవ్వేవాడు. నేను నవ్వను. ఆ చదువు కోసమే బల్గేరియా నుంచి మన ఒసాకాకి వచ్చిన పిల్లను నేను చూశాను. ఆ పిల్ల సంగతి నీకు చెప్పకుండా నిన్ను పంపించడం నాకిష్టం లేదు. నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, పుస్తకాల్లో ఏముంటుందో నాకు తెలియదు. మన స్నానశాలలో జరిగింది మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

పాత చక్రవర్తి జబ్బుపడిన ఏడాది అది. అప్పట్లో మన స్నానశాల పొగగొట్టమే ఈ పేటకంతా ఎత్తు. చుట్టుపక్కల అద్దె గదుల్లో స్నానాల గదులు ఉండేవి కావు. సాయంత్రమయ్యేసరికి విద్యార్థులంతా మెడలో తువ్వాలు, చేతిలో సబ్బు గిన్నె పెట్టుకుని మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు రెండూ కనబడేలా మధ్యన ఎత్తుపీట ఒకటి ఉండేది. దాని మీద నేనో మీ తాతో కూచునేవాళ్ళం. ఆ పీట మీద కూచున్నవాళ్ళకి పేట కబుర్లు పత్రిక కన్నా ముందు తెలిసేవి.

రోసిత్సా మొదటిసారి వచ్చినరోజు ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకుని, మర్యాదగా వేడినీళ్ళ తొట్టిలోకి దిగింది. దిగింది గానీ ఇక పైకి రాదు. మనవాళ్ళు నీళ్ళలో చాలాసేపు నానుతారని పుస్తకంలో చదివిందట. ఉడికిన రొయ్యలా ఎర్రబడిపోయినా పళ్ళు బిగించి కూచుంది. చివరికి చేపల కొట్టు ఆవిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని బయటికి లాగి, చల్లటి పాలు తాగించాం. ఎక్కడి పిల్లవమ్మా అని అడిగితే బల్గేరియా అంది. ఇంకేముంది, అందరూ ఒక్కసారే "ఓహో, పెరుగు" అన్నారు. మనకి ఆ దేశం గురించి తెలిసింది ఆ పేరుతో కొట్లలో అమ్మే పెరుగు డబ్బా ఒక్కటే కదా. టాక్సీ అతని దగ్గరినుంచి కాలేజీ పెద్దాయన దాకా అందరూ ఆ మాటే అనేవాళ్ళట. ఆ పిల్ల విసుక్కునేది కాదు, అందరికన్నా ముందు తనే నవ్వేది. మేం రోసీ అని పిలిచేవాళ్ళం. తను నన్ను పిన్నీ అనేది, మీ తాతను బాబాయ్ అనేది.

ఇక కంబెయ్ గురువుగారి సంగతి. దిండు మీద మోకాళ్ళేసుకుని, చేతిలో విసనకర్రతో ఒక్కడే పదిమందిలా మాట్లాడి నవ్వుకథలు చెప్పేవాడు. పెద్ద రంగశాలలో ఎవరితోనో గొడవపడి బయటికొచ్చేశాడు. భార్య పోయింది, శిష్యులు లేరు. మధ్యాహ్నం మేం తలుపు తీయగానే నీళ్ళలో దిగే మొదటి మనిషి ఆయనే. నెలకొకసారి మా మేడమీద గదిలో బీరు పెట్టెలు బోర్లించి, ఎర్రగుడ్డ పరిచి వేదిక కడితే ఆయన కథ చెప్పేవాడు. వినేవాళ్ళంతా తడిజుట్టుతో వచ్చి కూచునేవాళ్ళు.

ఆయన దగ్గర ఒక గొడుగు కథ ఉండేది. వాళ్ళ గురువు ఆయనకొక్కడికే ఇచ్చాడు. లోకంలో మరెవరికీ రాదు. కథ చిన్నదే. వానలో తడుస్తూ ఒకడు పక్కింటికి గొడుగు అడగడానికి వెళ్తాడు. అడగడానికి మొహమాటం. ఇల్లు బాగుందంటాడు, పిల్లాడి ముక్కు బాగుందంటాడు, ఊరగాయ వాసన బాగుందంటాడు, గొడుగు మాట మాత్రం నోటికి రాదు. ఇంటాయన దగ్గర గొడుగు ఉంది. కానీ చిరుగుంది, తనంతట తాను ఇస్తే ఏమనుకుంటాడోనని ఆయనకీ మొహమాటమే. ఇలా మాట్లాడుతుండగానే వాన వెలిసిపోతుంది. వచ్చినవాడు తలెత్తి ఆకాశం వైపు చూస్తాడు. చూసి, కాసేపు ఊరుకుని, ఒక మాట అంటాడు. ఆ మాటకి గదంతా నవ్వులతో ఊగిపోతుంది. ఆ మాట నేను నీకు చెప్పను. ఎందుకో తర్వాత నీకే తెలుస్తుంది.

రోసి ఆ కథ విన్నరోజు ఆ ఊరుకున్న చోటే నవ్వింది. మాట ఇంకా రాలేదు, గదిలో ఎవరూ నవ్వలేదు, ఆ పిల్ల ఒక్కతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కంబెయ్ అది చూశాడు. మర్నాడు నీళ్ళలోంచి లేచి వెళ్తూ, ఆ పెరుగు దేశపు పిల్ల ఎవరమ్మా అని నన్ను అడిగాడు.

ఆ పిల్లకి యూనివర్సిటీలో చెవులకి టేపురికార్డరు గొట్టాలు తగిలించి మన భాష నేర్పేవాళ్ళు. దేశానికి తిరిగి వెళ్ళేముందు, మార్చిలో, వాళ్ళ చదువు ముగింపు సభ ఉంటుంది. అక్కడ గొడుగు కథ చెప్పాలని, తర్వాత తన దేశంలోనూ చెప్పాలని ఆ పిల్లకి పట్టుకుంది. కంబెయ్ ఒప్పుకోలేదు. మీరు చదువుకునేవారు, పరీక్షకి రాసుకోండి, ఎప్పుడొచ్చినా విని వెళ్ళండి, టీ ఇస్తాను అన్నాడు. రోసి ప్రతిరోజూ వచ్చి మా మేడమెట్ల కింద మోకాళ్ళ మీద కూచునేది. ఆయన మెట్లు దిగుతుంటే వంగి దండం పెట్టేది. ఒకరోజు ఆయన దండం తీసుకోకుండా రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

"ఒసే పెరుగూ, వీపు నిటారుగా పెట్టు. ఒంకర వీపువాళ్ళకి నేను కథ చెప్పను," అన్నాడు.

అంతవరకూ రోసిత్సా గారూ అన్న మనిషి అలా అన్నాడు. పీట మీద మీ తాత నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఆ పిల్ల ఆయన ఇంటి మనిషైపోయిందని మాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళ విద్యలో పద్ధతి ఒకటుంది. గురువు ఎదురుగా కూచుని కథని మూడుసార్లు చెప్తాడు. కాగితం ఉండకూడదు, యంత్రం ఉండకూడదు. శిష్యుడు చెవితో పట్టుకోవాలి. ఆ తర్వాత శిష్యుడు చెప్పి చూపించాలి. గురువు నోటివెంట సరే అన్న మాట వస్తేనే ఆ కథని నలుగురిలో చెప్పే అధికారం. సరే అనకుండా చెప్తే దొంగతనం కింద లెక్క.

మొదటిసారి ఆకులు రాలే రోజుల్లో చెప్పాడు. చెప్పి, ఇక ఆ పిల్లను వాయించడం మొదలుపెట్టాడు. నేను కింద తువ్వాళ్ళు మడతపెడుతూ వినేదాన్ని. ఆ పిల్ల "ఎవరండీ ఇంట్లో" అని మొదటి మాట అనగానే విసనకర్ర టప్పుమని నేలకేసి కొట్టేవాడు. వానలోంచి వచ్చినవాడు అలాగేనా కూచునేది, నీ భుజం పొడిగా ఉందే, అనేవాడు. మళ్ళీ అనేది. నీ కాళ్ళ కింద చాప తడవలేదు, బయటికి పోయి తడిసిరా, అనేవాడు. ఒక వానరోజున ఆ పిల్ల నిజంగానే వీధిలోకెళ్ళి తడిసొచ్చింది. ఇప్పుడు తడిసిన పిల్లిలా ఉన్నావు గానీ తడిసిన మనిషిలా లేవు అన్నాడు. రెండోసారి చెప్పాక తిట్లు ఇంకా ముదిరాయి. ఎక్కువగా చివరి చోటే. ఆకాశం వైపు చూసి ఊరుకోవాలి కదా, అక్కడ ఆ పిల్ల ఒక్క క్షణం ముందే నోరు తెరిచేసేది. విసనకర్ర టప్పుమనేది. కళ్ళు వాచిపోయేలా ఏడ్చి, కిందికి దిగొచ్చి, మొహం కడుక్కుని, "పిన్నీ, ఇవాళ పదిసార్లు తిట్టారు," అని పండగ బట్టలు కట్టుకున్నదానిలా చెప్పేది.

నిషిగాకి ప్రొఫెసర్ అని పై దేశాల నుంచి వచ్చిన పిల్లల బాధ్యత చూసే ఆయన ఉండేవాడు. మంచివాడు, ఎంత మంచివాడంటే టెలిఫోన్‌లో మాట్లాడుతూ కూడా వంగి దండాలు పెట్టేవాడు. తరగతిలో రోసి కళ్ళు వాచి ఉండడం చూసి ఏమైందమ్మా అని అడిగాడట. గురువుగారు రోజూ తిడుతున్నారండీ అని ఆ పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ చెప్పింది. నువ్వే చెప్పు చినత్సూ, మన దగ్గర మనిషి ఎప్పుడు నవ్వుతాడు? ఎదుటివాళ్ళకి బరువు కాకూడదని, లోపలి ఏడుపు కప్పుకోవడానికి నవ్వుతాడు. మా అత్తగారు పోయినరోజు పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో నేనూ నవ్వుతూనే మాట్లాడాను. ఆయనా మన మనిషే కదా, ఆ నవ్వుని అలాగే చదివాడు. పాపం ఎంత బాధ దాచుకుందో అనుకున్నాడు. అది ఉత్త సంతోషమని ఆయనకి తట్టనే లేదు.

ఆ ఆదివారం సూటు వేసుకుని, మంచి దుకాణంలో తీపి బీన్స్ మిఠాయి పెట్టె కొనుక్కుని, మా మేడెక్కాడు. టీ తీసుకెళ్ళింది నేనే. ప్రొఫెసర్ చాపకి నుదురు ఆనించి ఉన్నాడు. ఆ అమ్మాయి మా యూనివర్సిటీ అతిథి, తల్లికీ తండ్రికీ దూరంగా ఉన్న పిల్ల, దయచేసి కాస్త మెత్తగా చూడమని మనవి, అన్నాడు. కంబెయ్ మొహంలో రంగు మారలేదు. ఆయనా చాపకి నుదురు ఆనించి, నా మోటుతనం వల్ల మీకింత శ్రమ కలిగింది, క్షమించాలి, అన్నాడు. ఇద్దరూ అలా వంగి ఎంతసేపున్నారో. నేను పట్టుకెళ్ళిన టీ చల్లారిపోయింది.

మర్నాడు రోసి వచ్చేసరికి ఆ పిల్ల కూచునే చోట పట్టుదిండు ఉంది. మిఠాయి ముక్క ఉంది. కథ చెప్పింది. విసనకర్ర కదల్లేదు. కంబెయ్ చిరునవ్వుతో, "చాలా బాగుంది రోసిత్సా గారూ," అన్నాడు.

ఆ పిల్ల గాల్లో తేలుతూ కిందికి దిగింది. వారం రోజులు అలాగే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం నేను తొట్టి పలకలు తోముతుంటే వచ్చి పక్కన కూచుని తనూ ఒక బ్రష్ తీసుకుంది. చాలాసేపు తోమింది.

"పిన్నీ, నిజం చెప్పు. నేను బాగా చెప్తున్నానా?"

"లేదే అమ్మా. ఆ చివరి చోట ఇంకా తొందరపడుతూనే ఉన్నావు," అన్నాను.

"మరి తిట్టరేం?"

దాచి ఏం లాభం, ప్రొఫెసర్ వచ్చిన సంగతి మొత్తం చెప్పేశాను. ఆ పిల్ల చేతిలో బ్రష్ ఆగిపోయింది. అప్పుడు మొదటిసారి మనవాళ్ళలా నవ్వింది, చూడలేకపోయాను. తడికాళ్ళతోనే మేడెక్కేసింది. నేనూ వెనకే వెళ్ళాను. తిట్టండి గురువుగారూ, నేను ఆయన్ని పంపలేదు, నన్ను పెరుగూ అని పిలవండి, మూడోసారి కథ చెప్పండి, అని కాళ్ళావేళ్ళా పడింది. కంబెయ్ టీ గిన్నె పక్కకి జరిపాడు.

"అంత చదువుకున్న మనిషి నా ముందు తల వంచాడు. నేనూ వంచాను. ఆ మాట నా ఒక్కడి చేతిలో లేదు ఇప్పుడు. తిట్టొద్దన్నాయన వచ్చి మాట వెనక్కి తీసుకుంటే, ఆ క్షణంలోనే మొదలుపెడతాను," అన్నాడు.

దాన్ని మొండితనం అనుకోకు. నువ్వు తిట్టకు అని పెద్దమనిషి అడిగి వెళ్ళాక మళ్ళీ తిడితే, ఆ పెద్దమనిషి మొహాన కొట్టినట్టే. తిట్టకుండా నేర్పడం కంబెయ్‌కి చేతకాదు, అందుకే మూడోసారి చెప్పడమూ ఆగిపోయింది. రోసి పరుగున ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన నివ్వెరపోయాడట. తప్పకుండా వెళ్ళి మాట వెనక్కి తీసుకుంటాను అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ అది డిసెంబరు ఆఖరు, పెద్దలకి కానుకలు పంపే రోజులు. కానుక పంపకుండా పని అడగడానికి వెళ్తే బాగుండదని ముందు కానుక పంపాడు. కంబెయ్ పద్ధతి ప్రకారం బదులు కానుక పంపాడు. కొత్త సంవత్సరం మొదటి రోజుల్లో కోరికలతో వెళ్ళకూడదని ఆగాడు. ఆ వారంలోనే పాత చక్రవర్తి పోయారు. ఊళ్ళో పాటలు ఆగిపోయాయి, మేడమీద కథలూ ఆపేశాం. దేశమంతా తల వంచుకుని ఉంటే నవ్వుకథ గురించి మాట్లాడ్డానికి ఎలా వెళ్ళేది అనుకున్నాడు. ఆ తర్వాత ప్రవేశ పరీక్షలు. ఒక్కొక్కటీ సరైన కారణమే, తీసిపారేసేది ఒక్కటీ లేదు. మన స్నానశాల నుంచి ఆయన యూనివర్సిటీ రైల్లో రెండు స్టేషన్లు.

మధ్యలో రోసి రోజూ వచ్చి పట్టుదిండు మీద కూచుని, కథ చెప్పి, చాలా బాగుంది అనిపించుకుని వెళ్ళేది. ఏమే, నీకంత మంచి గురువు ఎక్కడ దొరుకుతాడు, మిఠాయి కూడా పెడుతున్నాడు, అని మీ తాత ఆటపట్టించబోయాడు. ఆ పిల్ల మొహం చూసి తనే ఆపేశాడు.

ఫిబ్రవరిలో కంబెయ్ గొంతు బొంగురుపోయింది. జలుబే అన్నాడు. జలుబు కాదు, గొంతులో గడ్డ. ఆసుపత్రిలో గొంతు కోసి మాట తీసేశారు. ప్రాణం నిలబెట్టారు, పాపం వాళ్ళ తప్పేం లేదు.

ఇంటికి వచ్చాక మార్చి మొదట్లో ఒకరోజు మెడకి తెల్లగుడ్డ చుట్టుకుని మా మేడెక్కి కూచున్నాడు. ఆ రోజే, రోసి అక్కడ ఉండగానే, నిషిగాకి ప్రొఫెసర్ వచ్చాడు. ఈసారి మిఠాయి పెట్టె లేదు, సూటు నలిగి ఉంది. మెట్లెక్కుతూనే మోకాళ్ళ మీద పడ్డాడు.

"ఆ రోజు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను గురువుగారూ. ఈ అమ్మాయిని తిట్టండి," అన్నాడు.

కంబెయ్ తలాడించాడు. పట్టుదిండుని కాలితో పక్కకి తోసేసి, విసనకర్రతో రోసికి ఉత్త చాప చూపించాడు. ఆ పిల్ల కూచుని మొదలుపెట్టింది. భుజం తడిసే ఉంది ఆ రోజు, నిజంగా తడిసిన మనిషిలాగే ఉంది. ఇల్లు పొగిడింది, పిల్లాడి ముక్కు పొగిడింది, వాన వెలిసింది. ఆకాశం వైపు చూసింది. నోరు తెరిచింది. విసనకర్ర టప్పుమంది.

మళ్ళీ చెప్పింది. ఇంకా ఎక్కువసేపు ఊరుకుంది. టప్పుమంది. ఇంకోసారి, ఊపిరి బిగబట్టి. టప్పుమంది. ఎక్కడ తప్పో విసనకర్ర చెప్తోంది గానీ ఎలా చెయ్యాలో చెప్పలేకపోతోంది.

అప్పుడు కంబెయ్ తనే లేచి ఆ పిల్ల ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూచున్నాడు. తలెత్తాడు. ఆ మొహంలో ఆకాశం కనబడింది చినత్సూ, నేను అబద్ధం చెప్పను. వాన వెలిశాక కాసే పలచటి ఎండ కనబడింది. ఊరుకున్నాడు. మేమంతా నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఆయన నోరు తెరిచాడు, బాయిలర్ సందులోంచి ఆవిరి పోయినట్టు గాలి వచ్చింది. అంతే వచ్చింది.

నిశ్శబ్దమే కదా, మాట లేనివాడు నిశ్శబ్దాన్ని చూపించలేడా అని నేనూ అనుకున్నాను. చూపించలేడు. ఆ ఊరుకోవడం ఎక్కడ ముగుస్తుందో చెప్పాల్సింది వెనకాల వచ్చే మాట. ఆ మాట రాలేదు. అది ఎంత పొడుగో మాకెవరికీ తెలియలేదు.

రోసి ఆయన కళ్ళలోకి చూస్తూ ఎదురుచూసింది. తల ఊపితే చాలు, సరే అన్నట్టే. ఊపితే ఎవరు కాదంటారు, నాలుగు రోజుల్లో పిల్ల విమానం ఎక్కుతుంది, అందరికీ సంతోషం. కంబెయ్ మెల్లగా తల అడ్డంగా తిప్పాడు. సరే కాదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తల మాత్రం అడ్డంగానే తిప్పాడు. రోసి చాపకి నుదురు ఆనించి దండం పెట్టింది. మెట్ల దగ్గర ప్రొఫెసర్ గోడ వైపు తిరిగి ఉన్నాడు.

ముగింపు సభలో ఆ పిల్ల కథ చెప్పలేదు. మన ఊళ్ళో పెరుగు గురించి వచ్చిన మాటల మీద ఏదో వ్యాసం చదివిందట, అందరూ బాగా నవ్వారట. కంబెయ్ ఆ శరదృతువులో పోయాడు. ప్రొఫెసర్ తర్వాత రిటైరయ్యేదాకా మన స్నానశాలకి వస్తూనే ఉండేవాడు. సొంతింట్లో తొట్టి ఉన్న మనిషి. నీళ్ళలో దిగి మేడ వైపు చూసేవాడు కాదు. ఒక్కసారి మాత్రం పీట దగ్గర చెప్పులు వేసుకుంటూ, "రెండే స్టేషన్లమ్మా," అన్నాడు.

పదేళ్ళ తర్వాత రోసి వచ్చింది. అక్కడ తన దేశంలో యూనివర్సిటీలో మన భాష నేర్పుతోంది, నలుగురు పిల్లల్ని వెంటేసుకొచ్చింది. జుట్టులో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. ఆ పిల్లలు మహా మర్యాదస్తులు. వాళ్ళని తొట్టి దగ్గర మన రోసి ఎలా తిట్టిందంటే, చేపల కొట్టు ఆవిడే వాళ్ళ తరఫున సర్దిచెప్పబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

సాయంత్రం మేడమీద అందరం కూచున్నప్పుడు మీ తాత అడిగేశాడు. "ఇక అడ్డుచెప్పేవాళ్ళెవరున్నారే రోసీ. మాటలన్నీ నీకు వచ్చు. గొడుగు కథ ఒక్కసారి చెప్పు, విని చాలా ఏళ్ళయింది."

"మూడోసారి నేను వినలేదు బాబాయ్," అంది.

ఇంకెవరూ అడగలేదు. అలా ఆ కథ పోయింది. అందులో మాటలన్నీ బతికే ఉన్నాయి, రోసి తలలో ఉన్నాయి, నా తలలోనూ చిల్లుల తువ్వాలులా కొన్ని ఉన్నాయి. కానీ ఎవరూ చెప్పరు. చివరి మాట నీకెందుకు చెప్పనన్నానో తెలిసిందిగా. విన్నంత మాత్రాన అది నాదైపోదు.

ఇది మాత్రం నాదే, దీనికి ఎవరి సరే అక్కర్లేదు. కంబెయ్ తల అడ్డంగా తిప్పడం కళ్ళారా చూసినవాళ్ళలో ఇక్కడ మిగిలింది నేనే. గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ తరగతిలో ఎక్కడెక్కడి పిల్లలో ఉంటారు, వాళ్ళలో ఒక్కరికైనా కూచోబెట్టి చెప్పు. గొడుగు కథ కాదు, రోసి కథ. ఒకవేళ మధ్యలో ఏదైనా మరిచిపోతే నన్ను అడుగు, నేనున్నన్నాళ్ళు ఎన్నిసార్లయినా చెప్తాను.